పాత బంగళా ఏ చిట్టాలో ఉంది?

చిరంజీవులు సిరికీ, చింటూకీ తాతయ్య ఆశీస్సులు.

సిరీ, నీ ఉత్తరం అందింది. మీ బడి దారిలోని పాత బంగళా చుట్టూ రేకులు కట్టేశారనీ, "అది వందేళ్ల నాటిది కదా, కూల్చకూడదు కదా తాతయ్యా?" అనీ అడిగావు. వందేళ్లు నిలబడినంత మాత్రాన మన హైదరాబాద్‌లో ఏ గోడకీ రక్షణ రాదమ్మా. ఎవరో ఒకరు దాని పేరు ఒక జాబితాలో ఎక్కించి ఉండాలి. నువ్వు వెతకాల్సింది ఆ రాత కోసం.

మా నాయనమ్మ దగ్గర ఇత్తడి సామాను చిట్టా ఒకటి ఉండేది. ఉమ్మడి కుటుంబం కదా, అటక నిండా గంగాళాలూ గుండిగలూ. కొన్నింటిని మా తాతయ్య చెప్పందే దించకూడదు. కొన్నింటికి నాయనమ్మ మాట చాలు. మిగతావి రోజూ వాడుకునేవే. కళాయి పోయించుకోవచ్చు, నీళ్లు కాచుకోవచ్చు, కానీ పాత సామాన్లవాడికి వేసేయాలంటే మాత్రం అడగాల్సిందే. సంక్రాంతికి ముందు వాటిని చింతపండు పెట్టి తోమే పని పిల్లలది. నేను పెద్ద గంగాళంలో దిగి కూర్చుని అరిచేవాణ్ణి. నా గొంతు నాకే ఎవరో మీసాలాయన గొంతులా వినపడేది. ఆ సరదాకే తోమడానికి ఒప్పుకునేవాణ్ణి. ఒకసారి మా బాబాయి సొట్టపడిన గుండిగ ఒకటి అమ్మేద్దామన్నాడు. నాయనమ్మ గుండిగ వంక చూడనే లేదు, చిట్టా తీసింది.

నగరానికీ అలాంటి చిట్టాలే ఉన్నాయి. మా తాతయ్య చేతిలో ఉన్నదనుకో, అది కేంద్రానిది. 1958 నాటి చట్టం కింద భారత పురావస్తు సర్వేక్షణ శాఖ చూసుకుంటుంది. 1591లో కట్టిన చార్మినార్, గోల్కొండ కోట అందులోవే. ఇది మహా కఠినం. 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్తగా ఏమీ కట్టకూడదు. ఆపైన మరో 200 మీటర్ల వరకు కట్టాలన్నా అనుమతి కావాలి. తాతయ్య గంగాళం పక్కన పొయ్యి కూడా పెట్టొద్దన్నట్టు! నాయనమ్మది రాష్ట్ర వారసత్వ శాఖ చిట్టా. కుతుబ్‌షాహీ సమాధులు, పైగా సమాధులు అందులో ఉన్నాయి.

ఇక వంటింటి సామాను. చిక్కంతా ఇక్కడే. దేవిడీలు (నవాబుల కాలపు పెద్ద భవంతులు), బంగళాలు, మనుషులు ఇంకా కాపురముంటున్న ఇళ్లు ఇందులోకే వస్తాయి. నగరాభివృద్ధి సంస్థ 1981 నాటి జోనింగ్ నిబంధనల్లో (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పేవి) 13వ నిబంధన కింద ఇలాంటి వాటికి జాబితా ఉండేది. మనుషులు కట్టినవే కాదు, కొన్ని రాళ్లగుట్టలు కూడా అందులో ఉండేవి. మనిషి పుట్టకముందు నుంచీ ఉన్న బండల పేర్లు ఒక ఆఫీసు కాగితంలోకి ఎక్కాయంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. తర్వాత 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. అంటే చిట్టాలు మారుతుంటాయి. అందుకే "జాబితాలో ఉందా?" అని అడిగి ఊరుకోకు, ఏ జాబితా, ఏ తేదీది, ఇప్పుడు అమల్లో ఉన్నదేనా అని కూడా అడుగు. 1870 ప్రాంతంలో కట్టిన ఇర్రం మంజిల్ ప్యాలెస్‌ని కూల్చి కొత్త శాసనసభ కట్టాలని ప్రభుత్వమే అనుకుంటే, 2019లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఊరికే మురిసిపోతే భవనాలు నిలవవు సిరీ, కాగితం వెతికే ఓపిక కూడా కావాలి.

చింటూ, జాబితాకెక్కితే ఇల్లు సర్కారు తీసేసుకుంటుందా అని అడిగావు కదా, దానికీ జవాబు రాస్తాను. జాబితాలోకి ఎక్కినంత మాత్రాన ఇల్లు సర్కారుది అయిపోదురా. సొంతదారు సొంతదారే. ఉండొచ్చు, అమ్ముకోవచ్చు. రూపం మార్చాలన్నా, కూల్చాలన్నా మాత్రం ముందు అనుమతి తీసుకోవాలి.

మీ నాన్న ఈసీ, అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఆస్తి లావాదేవీల పత్రం, తీయిస్తే తెలిసిపోతుందన్నాడట. ఈసీలో అమ్మకాలు, తాకట్లు కనిపిస్తాయి తప్ప ఈ సంగతి కనిపించదు. గోడ మీద పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ వాళ్ల అవార్డు ఫలకం ఉన్నా అది గౌరవమే కానీ చట్టం కాదు. నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏలోనో, నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ టౌన్ ప్లానింగ్ విభాగంలోనో, వారసత్వ శాఖలోనో అడగాలి. వెళ్లేముందు ఇంటి నంబరు, వీధి పేరుతో పాటు బంగళా పాత పేరు కూడా పక్కింటి ముసలివాళ్లని అడిగి రాసుకోండి. జాబితాల్లో చాలా కట్టడాలు పాత పేర్లతోనే ఉంటాయి. రక్షణ భవనానికేనా, ఆవరణకి కూడానా అన్నది మరిచిపోకుండా అడగండి. నోటిమాటగా ఎవరూ చెప్పకపోతే, మీ నాన్న చేత సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టించండి. రుసుము 10 రూపాయలు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. నకలు కాగితం మీ దగ్గర దాచుకోండి.

ఈలోగా ఒక ఆదివారం గోల్కొండకి వెళ్లండి. పైకి ఎక్కే తొందరలో పడకుండా ముందు ద్వారం దగ్గరి బోర్డు పూర్తిగా చదవండి, కింద ఏ శాఖ పేరుందో చూడండి. అక్కడి నుంచి కుతుబ్‌షాహీ సమాధులు దగ్గరే. అక్కడి బోర్డు కూడా చదివి, రెండింటిలో తేడా ఏముందో నాకు రాయండి.

మీ తాతయ్య