అమ్మమ్మకు దక్కి మనవరాలికి దక్కని హక్కు

2022 జూన్ 24 ఉదయం వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టు ముందు రెండు గుంపులున్నాయి. ఒకవైపు కన్నీళ్లు, ఇంకోవైపు కేరింతలు. డాబ్స్ కేసు తీర్పు అప్పుడే వెలువడింది. 1973 నుంచి అమెరికా ఆడవాళ్లకున్న గర్భస్రావ హక్కు అసలు రాజ్యాంగంలోనే లేదనీ, ఇక ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రం చేసుకోవచ్చనీ కోర్టు తేల్చేసింది. కేరింతలు కొట్టినవాళ్లలో చాలామంది కాలేజీ వయసు పిల్లలు. ఆ తర్వాత ఊరూరా జరిగిన నిరసనల్లో యువతుల పక్కనే తలనెరిసిన ఆడవాళ్లు ఇనప హ్యాంగరు బొమ్మలున్న ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. ఇదే గొడవకు మళ్లీ రోడ్డెక్కాల్సి వచ్చిందా అన్న కోపం వాళ్ల మొహాల్లో కనిపించింది.

పాతతరం వెళ్లిపోతే పాత భావాలూ వాటంతటవే పోతాయని చాలామందిమి నమ్ముతాం. ఈ దృశ్యం ఆ నమ్మకానికి పొసగదు. ఇక్కడ పోరాడి గెలిచింది ఆ ముసలివాళ్లు, ఆ గెలుపు పోయిందని పండగ చేసుకున్నవాళ్లలో కుర్రవాళ్లున్నారు. ఎందుకిలా అయిందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

అమెరికాలో గర్భస్రావం మొదటి నుంచీ నేరం కాదు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన సంప్రదాయ న్యాయం ప్రకారం కడుపులో బిడ్డ కదలిక తెలిసేదాకా, అంటే సుమారు నాలుగైదు నెలల దాకా, గర్భం తీయించుకోవడాన్ని సాధారణంగా నేరంగా చూసేవారు కాదు. కదలిక తెలిసేది తల్లికే కాబట్టి ఆ మాట చెప్పాల్సిందీ తల్లే. 1857లో బోస్టన్ వైద్యుడు హొరేషియో స్టోరర్ దీని మీద ప్రచారం మొదలుపెట్టాడు. రెండేళ్లకు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆయన వెంట నిలిచింది. వైద్యాన్ని మంత్రసానుల చేతుల్లోంచి తప్పించాలన్న పట్టుదల అందులో ఉంది. వలస వచ్చిన కాథలిక్కుల ఇళ్లలో పిల్లలు పెరుగుతుంటే, పాతకాపు ప్రొటెస్టెంట్ల ఇళ్లలో కాన్పులు తగ్గిపోతున్నాయన్న భయమూ ఉంది. 1873లో వచ్చిన కామ్‌స్టాక్ చట్టం గర్భనిరోధక సాధనాలను, గర్భస్రావానికి పనికొచ్చే వస్తువులను, వాటి గురించిన సమాచారాన్ని పోస్టులో పంపడాన్ని నేరం చేసింది. ఆ శతాబ్దం ముగిసేసరికి దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ నిషేధం వచ్చేసింది.

నిషేధం వల్ల గర్భస్రావాలు ఆగలేదు, చాటుకు వెళ్లాయి. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లకు తెలిసిన డాక్టరు దొరికేవాడు. లేనివాళ్లు ఊరూ పేరూ తెలియని మనిషి దగ్గరికి వెళ్లేవాళ్లు, లేదంటే ఇంట్లో దొరికిన వస్తువుతో తమంతట తామే ప్రయత్నించి ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లు. ప్లకార్డుల మీది హ్యాంగరు ఆ రోజుల గుర్తు.

1962లో ఈ చాటు వ్యవహారం దేశం ముందుకొచ్చింది. అరిజోనాలో పిల్లల టీవీ కార్యక్రమం నడిపే షెరీ ఫింక్‌బైన్ అనే గర్భిణి, భర్త యూరప్ నుంచి తెచ్చిన మాత్రలు వాడింది. వాటిలో ఉన్నది థాలిడోమైడ్ అనీ, దానివల్ల పిల్లలు అవయవలోపాలతో పుడుతున్నారనీ తర్వాత తెలిసింది. విషయం పత్రికలకెక్కాక ఆసుపత్రి వెనక్కి తగ్గింది. ఆమె స్వీడన్ వెళ్లి గర్భస్రావం చేయించుకోవాల్సి వచ్చింది. నలుగురు పిల్లల తల్లి, టీవీలో రోజూ కనిపించే ఇల్లాలు. ఆమెకే ఈ పరిస్థితి వస్తే మామూలు మనిషి గతేమిటని జనం ఆలోచించడం మొదలైంది.

1969లో షికాగోలో కొందరు ఆడవాళ్లు ‘జేన్’ అనే పేరుతో రహస్య బృందంగా ఏర్పడ్డారు. మొదట్లో గర్భస్రావం చేసే మనిషి దగ్గరికి పంపేవాళ్లు. అతను డాక్టరే కాదని తెలిశాక, ఆ పని తామే నేర్చుకుని చేశారు. 1973 వరకు దాదాపు 11,000 మందికి సాయపడ్డారు.

తరాల సంగతి వచ్చింది కాబట్టి జార్జ్ మైకేల్స్ గురించి ఆగి చెప్పాలి. 1970 ఏప్రిల్ 9న న్యూయార్క్ అసెంబ్లీలో గర్భస్రావ చట్టాన్ని సడలించే బిల్లు ఓటుకొచ్చింది. మైకేల్స్ నియోజకవర్గం సంప్రదాయవాదులది, ఆయన వ్యతిరేకంగా ఓటేశాడు. లెక్క చూస్తే బిల్లు అంచున ఆగిపోయింది. అప్పుడాయన లేచి, వణుకుతున్న గొంతుతో ఓటు మార్చుకుంటున్నానన్నాడు. ఈ బిల్లును ఓడించిన ఓటు తనది కాకూడదని కొడుకులు ఇంట్లో పట్టుబట్టారని చెప్పాడు. దీంతో తన రాజకీయ జీవితం ముగిసిపోతుందని తెలుసనీ అన్నాడు. అన్నట్టే అయింది, ఆ ఏడాదే సొంత పార్టీ ప్రైమరీలో ఓడిపోయాడు. బిల్లు మాత్రం నెగ్గింది. పిల్లల మాట తండ్రి విన్న ఆ ఒక్క క్షణం వల్ల, పక్క రాష్ట్రాల నుంచి కూడా వేలమంది ఆడవాళ్లు న్యూయార్క్ వచ్చి డాక్టరు దగ్గర క్షేమంగా గర్భస్రావం చేయించుకోగలిగారు. నాకు ఈ చరిత్ర మొత్తంలో ఎక్కువ గుర్తుండిపోయిన మనిషి ఆయనే.

అదే ఏడాది డల్లాస్‌లో ఇంకో కథ మొదలైంది. నార్మా మెక్‌కార్వీ ‘జేన్ రో’ అనే మారుపేరుతో అక్కడి జిల్లా అటార్నీ హెన్రీ వేడ్ మీద కేసు వేసింది. న్యాయవాదులు లిండా కాఫీ, సారా వెడ్డింగ్టన్. సుప్రీంకోర్టులో మొదటిసారి వాదించేనాటికి వెడ్డింగ్టన్‌కు 26 ఏళ్లు. లా చదివే రోజుల్లో తాను కూడా మెక్సికో వెళ్లి గర్భస్రావం చేయించుకున్నానని ఆమె చాలా ఏళ్ల తర్వాత బయటపెట్టింది. 1973 జనవరి 22న 7–2 మెజారిటీతో, ‘రో’ తీర్పుగా పేరుపడ్డ ఆ తీర్పు వాళ్ల పక్షాన వచ్చింది. అది మెక్‌కార్వీకి అక్కరకు రాలేదు. బిడ్డ 1970లోనే పుట్టి దత్తత వెళ్లిపోయింది.

తర్వాతి యాభై ఏళ్లలో జరిగిందే ఇక్కడ అసలు సంగతి. గెలిచినవాళ్లు పని అయిపోయిందనుకున్నారు. ఓడినవాళ్లు తమ పట్టుదలను పిల్లలకు అందించారు. 1971లో సదరన్ బాప్టిస్టులనే పెద్ద ప్రొటెస్టెంట్ చర్చి సంఘం మహాసభే తల్లి ఆరోగ్యం దెబ్బతినే సందర్భాల్లో గర్భస్రావాన్ని అనుమతించే చట్టాలు కావాలని తీర్మానించింది. పదేళ్లు తిరిగేసరికి అదే సంఘం ఎదుటి పక్షంలో చేరింది. 1974 నుంచి ఏటా జనవరిలో వాషింగ్టన్‌లో గర్భస్రావ వ్యతిరేకుల ‘మార్చ్ ఫర్ లైఫ్’ ఊరేగింపు. చర్చిల నుంచి, స్కూళ్ల నుంచి పిల్లలను బస్సుల్లో తీసుకొచ్చేవారు. 1976లో హైడ్ సవరణ పేదల ఆరోగ్య పథకం డబ్బును గర్భస్రావాలకు వాడకుండా ఆపేసింది. అంటే, హక్కు కాగితం మీద ఉంది, పేదరాలి చేతికి మాత్రం అందలేదు. 1982లో ఏర్పడిన ఫెడరలిస్ట్ సొసైటీ అనే సంప్రదాయవాద న్యాయవాదుల సంఘం లా కాలేజీల్లో కుర్రవాళ్లను చేరదీసి రేపటి జడ్జీలను తయారుచేసుకుంది.

2010లో, గర్భస్రావ హక్కు సంస్థ నారల్ అధ్యక్షురాలు నాన్సీ కీనన్ ఆ ఊరేగింపు జనాన్ని చూసి, ఎంతమంది ఉన్నారో, ఎంత చిన్నవాళ్లో అని దిగులుపడింది. తమ వైపు సైన్యం ముట్లుడిగిన ఆడవాళ్లతో నిండి ఉందని ఆమే అంది. రెండేళ్లకు యువతరానికి చోటివ్వాలంటూ పదవి నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

కోర్టు వైపు చూస్తే ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తుంది. పెళ్లయిన స్త్రీ గర్భస్రావానికి ముందు భర్తకు చెప్పితీరాలన్న పెన్సిల్వేనియా చట్టం సరైనదేనని 1991లో అప్పీలు కోర్టు జడ్జి శామ్యూల్ అలిటో తన అసమ్మతి తీర్పులో రాశాడు. 1992లో కేసీ తీర్పులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసి, రోలోని మూల హక్కును నిలబెట్టింది. ముప్పై ఏళ్ల తర్వాత డాబ్స్ తీర్పు రాసింది అదే అలిటో. ఈలోగా ట్రంప్ నియమించిన గోర్సచ్, కావనా, బారెట్ ఆయన పక్కన చేరారు. అసమ్మతి తెలిపిన ముగ్గురు జడ్జీలు, నేటి యువతులు తమ తల్లులకూ అమ్మమ్మలకూ ఉన్నన్ని హక్కులు లేకుండా పెరుగుతారని రాశారు.

2022 నాటి సర్వేలో అమెరికాలో ముప్పై లోపు వయసువాళ్లలో నాలుగింట మూడొంతులు గర్భస్రావం చట్టబద్ధంగా ఉండాలనే అన్నారు. అరవై అయిదు దాటినవాళ్లలో ఆ మాట అన్నవాళ్లు సగం కంటే కాస్త ఎక్కువ. తరాల మధ్య తేడా ఉంది. అయితే అభిప్రాయం వేరు, దానికోసం యాభై ఏళ్లు ఓపికగా ఓట్లేయడం వేరు. హక్కు పోయాకే చాలామంది కదిలారు. 2022 ఆగస్టు 2న కాన్సస్‌లో, రిపబ్లికన్ల కంచుకోటలో, హక్కును తీసేసే సవరణను 59 శాతం మంది తిప్పికొట్టారు. 2023లో ఒహాయో, 2024లో అరిజోనా, మిజోరీ ఓటర్లు హక్కును తమ రాజ్యాంగాల్లో రాసుకున్నారు. ఫ్లోరిడాలో 57 శాతం వచ్చినా 60 కావాల్సి ఉండటంతో ఓడింది.

ఇవాళ ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉంటున్నది ఈ కథ మొదలైన డల్లాస్ చుట్టుపక్కలే. ఆ పెద్దలు పుట్టిపెరిగిన దేశంలో గర్భస్రావ చట్టం 1971లోనే, రో తీర్పు కంటే ముందే వచ్చింది. దానికి మూలం శాంతిలాల్ షా కమిటీ. చాటుమాటు గర్భస్రావాల్లో పోతున్న ప్రాణాలను కాపాడటమే దాని ఉద్దేశం. అందుకే అక్కడ అనుమతి డాక్టరుది, ఆడమనిషి హక్కన్న మాట అందులో లేదు. పెళ్లికాని స్త్రీకీ 24 వారాల దాకా అవకాశం ఉందని మన సుప్రీంకోర్టు చెప్పింది 2022 సెప్టెంబరు 29న, డాబ్స్ తర్వాత మూడు నెలలకు. మన ఇళ్లలో ‘కడుపు తీయించడం’ అన్నప్పుడు ఇంకో జ్ఞాపకం కూడా కదులుతుంది. స్కానింగులో ఆడపిల్లని తెలిసి, కోడలి ఇష్టంతో పనిలేకుండా ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజులవి. వాటిని ఆపడానికి 1994లో వేరే చట్టం తేవాల్సి వచ్చింది. ఆ జ్ఞాపకంతో పెరిగిన తల్లికీ, టెక్సస్‌లో పుట్టిన కూతురికీ ఈ మాట ఒకేలా వినిపించదు. ఒకరికి బలవంతం గుర్తొస్తుంది, ఇంకొకరికి నిషేధం. నిర్ణయం తనది కాకపోవడమే రెండింటిలోనూ బాధ అని వాళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకోగలిగితే బాగుండును.

2022 ఆగస్టులో టెక్సస్‌లో అమాండా జురావ్‌స్కీకి 18 వారాలకే ఉమ్మనీరు పోయింది. బిడ్డ బతకదని డాక్టర్లకు తెలుసు, కానీ గుండె కొట్టుకుంటోంది కాబట్టి చట్టానికి భయపడి ఆగారు. ఆమెకు సెప్సిస్, అంటే ఒళ్లంతా దెబ్బతీసే ప్రాణాంతక ఇన్ఫెక్షన్, వచ్చాకే వైద్యం మొదలైంది. ప్రాణం దక్కింది. పదేళ్ల ముందు ఐర్లండ్‌లో ఇలాంటి కథే చావుతో ముగిసింది. కర్ణాటక నుంచి వెళ్లిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ 17 వారాల గర్భంతో గాల్వే ఆసుపత్రిలో చేరింది. గర్భం నిలవదని తెలిశాక తీసేయమని అడిగింది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. 2012 అక్టోబరు 28న సెప్సిస్‌తో చనిపోయింది. ఆమెకు 31 ఏళ్లు.

1983లో ఐర్లండ్ ఓటర్లలో దాదాపు 67 శాతం కలిసి గర్భస్రావ నిషేధాన్ని రాజ్యాంగంలో పెట్టారు. 2018 మే 25న దాదాపు అంతే శాతం, 66.4, దాన్ని తీసేశారు. ఓటెయ్యడానికి విదేశాల నుంచి యువతులు విమానాలెక్కి వచ్చారు. అరవై అయిదు దాటినవాళ్లలో ఎక్కువమంది మాత్రం వద్దనే ఓటేశారు. ఆ ఓటింగుకు ముందు, బెళగావిలో ఉన్న సవిత తండ్రి తన కూతురిని గుర్తుంచుకుని అవునని ఓటెయ్యండని ఐరిష్ ప్రజలను అడిగారు. ఫలితం వచ్చిన రోజు డబ్లిన్‌లో గోడ మీది సవిత బొమ్మ చుట్టూ జనం వందల చీటీలు అంటించారు. వాటిలో చాలావాటి మీద రాసి ఉన్నది ఒకటే మాట: క్షమించు.