ఆగిన సరుకు, ఆగని అద్దె

2020 ఆగస్టు 4న బేరూట్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలింది. ఆ వెంటనే మన దేశంలో అందరి చూపూ చెన్నై శివారు మణలి మీద పడింది. అక్కడి కంటైనర్ యార్డులో అదే రసాయనం సుమారు 700 టన్నులు, 37 కంటైనర్లలో, 2015 నుంచి పడి ఉంది. దక్షిణ కొరియా నుంచి తెప్పించిన కంపెనీకి సరైన లైసెన్సు లేదని కస్టమ్స్ పట్టుకున్న సరుకది. వేలంలో దాన్ని హైదరాబాద్ సంస్థ ఒకటి కొనుక్కుంది. పేలుడు జరిగి వారం తిరక్కముందే మొదటి పది కంటైనర్లు లారీలెక్కి ఇటు బయల్దేరాయి.

పేలే సరుకు కాబట్టి అది వార్త అయింది. రోజూ ఆగేవి బొమ్మలు, ఎల్ఈడీ లైట్లు, యంత్ర భాగాలు. వాటి గురించి పేపర్లో రాదు. ఆపిన అధికారికి కారణం ఉండొచ్చు, లేకపోవచ్చు. యార్డు మీటరు మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకేలా తిరుగుతుంది. దిగుమతి వ్యాపారులు ఎక్కువగా భయపడేది సుంకానికి కాదు, గడువులోగా తీసుకెళ్లని సరుకు మీద పడే ఈ అద్దెకే, అంటే డెమరేజ్‌కే.

రేవుకొచ్చిన సరుకు మీద రాజు చెయ్యి వేయడం కొత్తేమీ కాదు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఆ సంగతి దాచకుండా చెబుతుంది. తుపానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సొత్తునంతా పూర్వపు రాజులు లాక్కునేవారట. ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోమని గణపతిదేవుడు మాటిచ్చాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో అలాంటి శాసనమే మళ్లీ వేయించాడు. వర్తకుడికి భరోసా ఇస్తేనే ఓడ వస్తుందని వాళ్లకు బాగా తెలుసు.

బ్రిటిష్ వాళ్ల 1878 సముద్ర సుంకాల చట్టం ఇంకో ధోరణిలో నడిచింది. నేరాల పట్టిక ఒకటి, దాని ఎదురుగా శిక్షలు. పట్టుకునే అధికారం విస్తారం. విడిపించుకునే దారి అధికారి దయ తలిస్తే కట్టే జరిమానా. అంటే సరుకు జప్తు చేసే బదులు ఇంత కట్టి తీసుకుపొమ్మనడం. ఇప్పటి కస్టమ్స్ చట్టం సెక్షన్ 125లో కనిపించేది ఆ పాత ఏర్పాటే.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947లో, దిగుమతి ఎగుమతుల నియంత్రణ చట్టం వచ్చింది. అక్కణ్నుంచి తగాదా సుంకం మీద కన్నా లైసెన్సు మీదే ఎక్కువ. లైసెన్సులో రాసిన వస్తువూ పెట్టెలో ఉన్న వస్తువూ ఒకటేనా అన్నది తేలేదాకా సరుకు షెడ్డులోనే. 1962 కస్టమ్స్ చట్టం దీనికి ఒక గడువు పెట్టింది. సెక్షన్ 110 ప్రకారం సరుకు స్వాధీనం చేసుకున్న ఆరు నెలల్లోగా షోకాజ్ నోటీసు ఇవ్వాలి, లేదంటే సరుకు తిరిగి ఇచ్చేయాలి. పై అధికారి దాన్ని మరో ఆరు నెలలు పొడిగించవచ్చు. అయితే ఈ గడియారం స్వాధీనంతోనే మొదలవుతుంది. కాగితం మీద స్వాధీనం చూపకుండా, ‘పరిశీలనలో ఉంది’ అంటూ ఊరికే ఆపి ఉంచితే ఆ ఆరు నెలల లెక్క మొదలుకాదు. అనుభవమున్న కస్టమ్స్ బ్రోకర్లు ముందు స్వాధీన పత్రం అడిగి తీసుకోమనేది ఇందుకే.

అసలు మెలిక 1975లో పడింది. మద్రాసు పోర్టు ట్రస్టుకూ అమీన్‌చంద్ ప్యారేలాల్ సంస్థకూ నడిచిన వ్యాజ్యంలో, దిగుమతిదారు తప్పేమీ లేకపోయినా పోర్టు డెమరేజ్ వసూలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. రేవులో చోటు త్వరగా ఖాళీ కావాలన్నది ఆ తీర్పు వెనుక తర్కం. పోర్టు వైపు నుంచి చూస్తే సబబే. కానీ ఖాళీ చేయనివ్వనిది కస్టమ్స్ అయినప్పుడు దిగుమతిదారు ఏం చేయగలడు? 1995లో గ్రాండ్ స్లామ్ ఇంటర్నేషనల్ కేసులోనూ కోర్టు అదే దారిలో వెళ్లింది. సరుకును ఆపింది తామేనని కస్టమ్స్ ఇచ్చే డిటెన్షన్ సర్టిఫికెట్ చూసి గోదాము వాళ్లు అద్దె వదులుకోవాల్సిన పని లేదంది.

1991 తర్వాత లైసెన్సులు చాలావరకు పోయాయి, 300 శాతం దాటిన గరిష్ఠ సుంకం 150కి దిగింది. 2006లో సెక్షన్ 110ఎ వచ్చింది. కేసు నడుస్తుండగానే బాండు, బ్యాంకు గ్యారంటీ ఇచ్చి సరుకు తెచ్చుకునే వీలు అప్పుడే చట్టంలోకి ఎక్కింది. 2011 నుంచి సుంకం లెక్క దిగుమతిదారే వేసుకుంటున్నాడు. 2020 అక్టోబరు 31 నాటికి ‘ఫేస్‌లెస్’ మదింపు దేశమంతటికీ విస్తరించింది. హైదరాబాద్‌లో వేసిన బిల్ ఆఫ్ ఎంట్రీని, అంటే దిగుమతి వివరాల పత్రాన్ని, ఇంకో ఊళ్లోని అధికారి చూడొచ్చు. పెట్టె తెరిచి చూడాలంటే మాత్రం పాత షెడ్డూ పాత క్యూలే.

110ఎ ఉపయోగపడేదే, కాకపోతే చిన్న వ్యాపారికి బ్యాంకు గ్యారంటీయే పెద్ద గుదిబండ. పైగా 2018 సవరణతో, తాత్కాలిక విడుదల ఉత్తర్వు వచ్చిన కేసులకు ఆరు నెలల గడువు వర్తించకుండా పోయింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే.

విడిపించుకోకపోతే? సరుకు దిగిన 30 రోజుల్లో తీసుకెళ్లకపోతే, నోటీసు ఇచ్చి కస్టమ్స్ అనుమతితో గోదాము వాళ్లు దాన్ని అమ్మేయొచ్చు. వచ్చిన సొమ్ములోంచి అమ్మకం ఖర్చు, ఓడ కిరాయి, సుంకం, గోదాము బకాయి పోగా ఏమైనా మిగిలితే అది యజమానికి. తగాదా సాగేలా ఉంటే సెక్షన్ 49 కింద సరుకును బయటి గోదాముకు మార్పించుకోవడం మేలు. రేవులో అద్దెతో పోలిస్తే అది చవక.

ఇక డెమరేజ్ సంగతి. కస్టమ్స్ ఆపిన, పట్టుకున్న సరుకు మీద అద్దె వసూలు చేయరాదని 2009 నిబంధనలు యార్డుల నిర్వాహకులకు చెప్పాయి. చదివితే సంతోషమే. కానీ ఆ వాక్యం మొదలయ్యేదే ‘అమల్లో ఉన్న ఇతర చట్టాలకు లోబడి’ అని. ఆ మాటల చాటున పోర్టులు తమ సొంత చట్టం చూపించి వసూలు చేస్తూ వచ్చాయి. 2018 నిబంధనలు షిప్పింగ్ లైన్లనూ, అంటే ఓడల కంపెనీలనూ, ఇందులోకి తెచ్చాయి. దిగుమతిదారు రాసిన వివరాలు సరైనవేనని తేలితే, పరిశీలన కోసం ఆపిన కంటైనరుకు లైన్లు డిటెన్షన్ చార్జీ, అంటే పెట్టె ఆలస్యంగా తిరిగిస్తే పడే రుసుము, అడగకూడదు. ఆ వెసులుబాటు 60 రోజులే, తర్వాత లైన్లు అడగొచ్చు. షోకాజ్ నోటీసు ఇవ్వడానికి మాత్రం కస్టమ్స్‌కు చట్టం ఇస్తున్నది ఆరు నెలలు, కావాలంటే ఇంకో ఆరు.