ఉద్ది కుదిరితేనే ఆట

మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. మొన్న సెలవులకి వచ్చినప్పుడు ఫోన్‌లో ఆడుతున్న ఆన్‌లైన్ ఆట పక్కన పెట్టి, "మామయ్యా, రోజూ ప్రాక్టీస్ చేస్తున్నా, ఆట మెరుగైందని నాకే తెలుస్తోంది, అయినా పది మ్యాచ్‌లాడితే ఐదారే గెలుస్తున్నాను, ఎందుకు?" అని అడిగాడు. ఎంత మంచి ప్రశ్నో! వాడి గెలుపు సగం దగ్గరే ఆగిపోయిందంటే, ఆ ఆట తయారుచేసినవాళ్లు తమ పని బాగా చేశారని అర్థం.

గ్రాఫిక్స్, తుపాకులు, మ్యాప్‌ల సంగతి నేను వదిలేస్తాను. నలుగురూ కలిసి ఆడే ఆటలో నన్ను పట్టుకుని కూర్చోబెట్టే విషయం ఒక్కటే, ఎవరి మీదకి ఎవరిని దింపాలన్నది.

మా ఊళ్లో కబడ్డీకి జట్లు కట్టేటప్పుడు ఇద్దరు నాయకులు నిలబడేవాళ్లు. మిగతావాళ్లం ఎవరికి ఎవరు సరిజోడో చూసుకుని ఉద్దులు కట్టేవాళ్లం. ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని వేపచెట్టు వెనక్కి వెళ్లి, చెవిలో గుసగుసగా పేర్లు పెట్టుకుని వచ్చి "మామిడికాయ కావాలా, జామకాయ కావాలా?" అని అడగడం. నాయకుడు జామకాయ అంటే ఆ పేరువాడు అటు, రెండోవాడు ఇటు. ఎవడు ఎటు పోయినా బలాలు తేడా రావు, పైగా నాయకుడికి ఎవరి పేరేమిటో తెలియదు కాబట్టి పక్షపాతానికీ చోటు లేదు. కొలతా, అదృష్టమూ రెండూ కలిపి వాడిన పద్ధతి అది, పదేళ్ల పిల్లలం ఎవరూ నేర్పకుండానే చేసేవాళ్లం.

అయితే మాకు ఒకడి బలం ఇంకొకడికి తెలుసు. మొహమే చూడని లక్షలమందిలో ఉద్దిని వెతకాలంటే? దీనికి దారి వేసింది ఆర్పాడ్ ఎలో, అమెరికాలో మిల్వాకీ నగరంలోని మార్క్వెట్ యూనివర్సిటీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పిన హంగేరీ మనిషి. ఆయన చెస్ కోసం తయారుచేసిన పద్ధతిని 1960లో అమెరికా చెస్ ఫెడరేషన్, 1970లో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే తీసుకున్నాయి. ప్రతి ఆటగాడికీ ఒక అంకె. ఇద్దరి అంకెలకీ మధ్య 400 తేడా ఉంటే పైవాడి గెలుపు పందెం 10కి 1, అంటే పైవాడు పది గెలిస్తే కిందివాడు ఒకటి. 800 ఉంటే 100కి 1. అంటే తేడా కూడికలో పెరిగితే పందెం గుణకారంలో పెరుగుతుంది. ఇంటర్‌లో లాగరిథమ్‌లు చెప్పేటప్పుడు టేబుల్ చూడటం బదులు ఈ ఒక్క ముక్క బోర్డు మీద రాస్తే క్లాసంతా నిటారుగా కూర్చుంటుందని నా గట్టి నమ్మకం.

ఆట అయ్యాక అంకెని సవరిస్తారు. ఒక ఆటకి 32 పాయింట్లు పందెంలో ఉన్నాయనుకోండి. సమానుడి మీద గెలిస్తే 16 వస్తాయి. 400 తక్కువున్నవాడి మీద గెలిస్తే వచ్చేది 3, ఓడితే పోయేది 29. అందుకే మావాడు ఆట మెరుగుపరుచుకున్నకొద్దీ అంకె పైకి పోతుంది, అంకె పైకి పోయినకొద్దీ ఎదురుగా ఇంకా గట్టివాడు వస్తాడు, గెలుపు మళ్లీ సగానికే వస్తుంది. వాడు ఎదుగుతున్నాడా లేదా అన్నది గెలుపుల్లో కాదు, ఉద్దుల్లో చూసుకోవాలి.

సరే, సగం సగం ఉంటే మజా ఎందుకు? సమాచారాన్ని అంకెల్లో కొలిచే దారి చూపిన గణిత శాస్త్రవేత్త షానన్ 1948లో ఇచ్చిన లెక్కతో చూద్దాం. ఆ కొలతకి బిట్ అని పేరు, ఫలితం ఎంత ఊహకి అందకపోతే అంత ఎక్కువ. సమానుల ఆట ఫలితం మనకి 1 బిట్ సమాచారం ఇస్తుంది. 400 తేడా ఉన్నవాళ్ల ఆట 0.44 బిట్ ఇస్తుంది, ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోయింది కాబట్టి సగం ఆట మొదలవకుండానే అయిపోయినట్టు. 2003లో ఫియొరిల్లో, టోబ్లర్, షుల్ట్జ్ అనే మెదడు పరిశోధకులు కోతులకి ఒక గుర్తు చూపించి, కాసేపటికి జ్యూస్ ఇస్తూ, కొన్నిసార్లు ఇవ్వకుండా, మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు ఎలా స్పందిస్తాయో కొలిచారు. జ్యూస్ వస్తుందా రాదా అని ఎదురుచూసే ఆ క్షణాల్లో కణాల చురుకు మెల్లగా పెరుగుతూ పోయింది. బాగా ఎక్కువగా పెరిగింది అవకాశం సరిగ్గా సగం ఉన్నప్పుడు! కోతి జ్యూస్ నుంచి మనిషి ఆటకి ఒక్క గెంతులో రాకూడదు గానీ, ఆఖరి నిమిషంలో స్కోరు సమానంగా ఉన్నప్పుడు ఆ టెన్షన్ ఎంత తియ్యగా ఉంటుందో ఆడినవాళ్లందరికీ తెలుసు.

ఇక్కడే మూఢనమ్మకాలు పుడతాయి. వరుసగా ఐదు ఓడితే "గేమే కావాలని ఓడిస్తోంది" అంటారు, పొద్దున్న ఎవరి మొహం చూశానో అన్నట్టు. నాణెం 20 సార్లు ఎగరేస్తే ఎక్కడో ఒకచోట వరుసగా ఐదు బొరుసులు పడే అవకాశం దాదాపు 25 శాతం. ఎవరూ కుట్ర చెయ్యక్కర్లేదు.

నిజమైన మోసం వేరే ఉంది. ఆరితేరినవాడు కొత్త అకౌంట్ తెరిచి చిన్నవాళ్ల మధ్యకి దిగడం. మా వీధిలో పదో తరగతివాడు వచ్చి ఆరో తరగతివాడితో ఉద్ది కడతానంటే అందరం గోల చేసేవాళ్లం, ఆన్‌లైన్‌లో ఆ గోల చేసేవాళ్లు ఉండరు. ఇక్కడ పనికొచ్చేది మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌వాళ్లు చేసిన ట్రూస్కిల్ పద్ధతి. అందులో ఒక్కొక్కరికి రెండంకెలు. ఒకటి బలం అంచనా, రెండోది ఆ అంచనా మీద అనుమానం. కొత్తవాడికి బలం 25, అనుమానం 8.33తో మొదలవుతుంది. బలంలోంచి మూడింతల అనుమానం తీసేస్తే బయటికి కనిపించే ర్యాంకు, అంటే సున్నా. అనుమానం ఎక్కువ ఉన్నన్నాళ్లూ అంకె పెద్ద పెద్ద అడుగులు వేస్తుంది కాబట్టి వేషం వేసుకొచ్చినవాడు కొన్ని ఆటల్లోనే బయటపడతాడు.

ఇంకో చిక్కు, సరైన ఉద్ది కోసం ఎంతసేపు ఆగాలి? ఎక్కువసేపు వెతికితే ఆడేవాడికి విసుగు, తొందరపడితే జోడు కుదరదు. చాలా ఆటల్లో సెకన్లు గడిచేకొద్దీ వెతికే పరిధిని పెంచుకుంటూ పోతారు. బాగా ఆడేవాళ్లకి ఈ జాగ్రత్త అంతగా నచ్చదు, చిన్నవాళ్లని ఓడించే సుఖం పోతుంది మరి. 2024లో కాల్ ఆఫ్ డ్యూటీ అనే తుపాకుల ఆట కంపెనీ యాక్టివిజన్ ఒక పరీక్ష వివరాలు బయటపెట్టింది. కొంతమందికి బలం చూసి జతకట్టడం సడలిస్తే, పైన ఉన్న పదోవంతు తప్ప మిగతా అందరిలోనూ మళ్లీ ఆడటానికి వచ్చేవాళ్లు తగ్గారు. ఆలోచించండి, అందరికన్నా కిందివాడు మానేస్తే వాడి పైవాడు అట్టడుగు అవుతాడు, వాడూ మానేస్తాడు, ఇలా అంచు నుంచి అరుగుతూ వస్తుంది.

మా కబడ్డీలో ఉద్ది దొరకని బుడ్డోడు ఒకడు ఎప్పుడూ మిగిలేవాడు. వాణ్ని ఇంటికి పంపేవాళ్లం కాదు. ఆటలో అరటిపండు అని చేర్చుకునేవాళ్లం, పట్టుకున్నా ఔట్ లేదు, కూతకి వెళ్లినా లెక్క లేదు. రెండు వేసవులు తిరిగేసరికి వాడే మామిడికాయో జామకాయో అయి ఎవరి భుజం మీదో చెయ్యేసుకుని వచ్చేవాడు.