పాత కారు మారుతాళంచెవి: వాడుకోవాలా, దాచుకోవాలా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో తాళాల మరమ్మతు, తాళంచెవుల తయారీ నా వృత్తి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్ వంటి పాత కార్లను ప్రేమగా చూసుకునేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. కారుతోపాటు వచ్చిన రెండో తాళంచెవిని వాడుకోవాలా, బీరువాలో భద్రంగా దాచుకోవాలా అన్నది ఆ ప్రశ్న. ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. మిగిలిన రెండు కార్లు అంతకు చాలా ముందే ఆగిపోయాయి కాబట్టి, కంపెనీకి రాసి కొత్త చెవి తెప్పించుకునే దారి ఇప్పుడు లేదు. అందుకే ఈ విషయంలో ప్రచారంలో ఉన్న కొన్ని నమ్మకాలను సరిచేయవలసిన అవసరం ఉంది.

అపోహ: వాడకుండా దాచిన తాళంచెవి కొత్తగానే ఉంటుంది కాబట్టి, అవసరమైన రోజున అది తప్పక పనిచేస్తుంది.

చెవి కొత్తగానే ఉంటుంది, నిజమే. కానీ తాళం కొత్తగా ఉండదు. పాత కార్ల తాళాలలో గుండ్రని బ్యారెల్ లోపల సన్నని ఇత్తడి పలకలు వరుసగా ఉంటాయి. ప్రతి పలకనూ ఒక చిన్న స్ప్రింగు తోస్తూ ఉంటుంది. చెవి లోపలికి వెళ్లినప్పుడు దాని పళ్ళ ఎత్తుపల్లాలు ప్రతి పలకనూ సరిగ్గా బ్యారెల్ అంచుతో సమానంగా నిలబెడితేనే తాళం తిరుగుతుంది. పంటి ఎత్తులో ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య తేడా సాధారణంగా అర మిల్లీమీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. రోజూ వాడే చెవి, ఆ పలకలు ఏళ్ల తరబడి ఒకదానినొకటి ఒరుసుకుంటూ, రోలూ పొత్రమూ కలిసి అరిగి ఒకదానికొకటి ఒదిగినట్లు ఒదిగిపోతాయి. ఆ తరువాత బీరువాలోంచి తీసిన అరగని చెవిని అందులో పెడితే, అది పలకలను కావలసినదానికంటే కొంచెం ఎక్కువగా కదిలించి బిగుసుకోవచ్చు.

కావలి నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక అంబాసిడర్ విషయంలో ఇదే జరిగింది. రోజూ వాడే చెవి పోవడంతో ఇంట్లో దాచిన అసలు చెవిని తీశారు. అది తిరగకపోయేసరికి ఇది వేరే కారుదేమోనని అనుమానించి, పట్టకారుతో బలంగా తిప్పబోయారు. చెవి మెడ దగ్గర మెలిపడి, అక్కడ వెంట్రుకవాసి పగులు వచ్చింది. చెవి ఆ కారుదే. బ్యారెల్‌ను విప్పి, అరిగిన పలకలను మార్చగానే సాఫీగా తిరిగింది. కాబట్టి దాచిన చెవిని ఆరు నెలలకొకసారి అన్ని తాళాల్లోనూ నెమ్మదిగా పెట్టి చూడాలని నేను గట్టిగా చెబుతాను. చాలా పాత కార్లలో స్టార్టింగ్‌కు, డోర్లకు, డిక్కీకి, పెట్రోలు ట్యాంకు మూతకు వేరువేరు చెవులుంటాయి. డ్రైవరు వైపు డోరు ఎక్కువగా అరిగి, ఎడమ డోరు కొత్తదానిలా ఉండడం కూడా మామూలే. దాచిన చెవి ఎడమ డోరులో సులువుగా తిరిగి, కుడి డోరులో బిగుసుకుంటే లోపం చెవిలో లేదని తెలిసిపోతుంది.

అపోహ: మారుతాళంచెవి ఏ చెవినుంచి తీయించినా ఒకటే.

ఈ నమ్మకం వల్ల జరిగే నష్టం అన్నిటికంటే ఎక్కువ. నకలు తీసే మిషన్ తన ముందు బిగించిన చెవి ఆకారాన్ని గుడ్డిగా అనుసరిస్తుంది. దానికి పళ్ళు తెలిసినట్లే అరుగుదల కూడా పళ్ళలాగే తెలుస్తుంది. అరిగిన చెవి నుంచి తీసిన నకలుకు ఆ అరుగుదలతోపాటు మిషన్ సొంత తేడా కూడా చేరుతుంది. ఆ నకలు నుంచి ఇంకో నకలు తీస్తే తేడా మరింత పెరుగుతుంది. అందుచేత మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది: అరగని అసలు చెవిని నమూనాగా మాత్రమే ఉంచుకుని, దానినుంచి రెండు నకళ్లు తీయించి, వాటిలో ఒకదానిని రోజూ వాడాలి. ఆ నకలు అరిగినప్పుడు మళ్లీ అసలు చెవి దగ్గరికే రావాలి. అరుగుదల తెలుసుకోవాలంటే, రెండు చెవులనూ వీపులు కలిపి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చాలు. పళ్ళ శిఖరాలు గుండ్రబడిన తేడా కంటికే కనిపిస్తుంది. ఇంజన్ నడుస్తుండగానే చెవి ఊడి చేతికి వస్తోందంటే మాత్రం, చెవితోపాటు లోపలి పలకలు కూడా బాగా అరిగాయని అర్థం.

అసలు చెవి అసలే లేనివారు నిరాశపడనవసరం లేదు. కొన్ని కార్లకు చెవి తలమీదో, బ్యారెల్ మీదో సంఖ్య చెక్కి ఉంటుంది. ఇంగ్లండులో తయారైన పాత మోరిస్, ఆస్టిన్ కార్లలో చాలావాటి చెవులమీద ఎఫ్ఎస్ అక్షరాలతో మొదలయ్యే సంఖ్య కనిపిస్తుంది. ఆ సంఖ్యను బట్టి పళ్ళ లోతులు తెలుస్తాయి కాబట్టి, అరగని కొత్త చెవిని కోయవచ్చు. సంఖ్య లేకపోతే బ్యారెల్ విప్పి, పలకలను కొలిచి చెవిని తయారుచేయవచ్చు. సంఖ్యను ఒక కాగితంపై రాసి ఆర్‌సీతో కలిపి ఇంట్లో ఉంచుకోండి.

అపోహ: ఇత్తడి మెత్తన కాబట్టి ఉక్కు చెవి చేయించుకోవడమే మంచిది.

ఉక్కు చెవి అంత త్వరగా అరగదు, కానీ లోపలి ఇత్తడి పలకలను అరగదీస్తుంది. పోగొట్టుకున్నా, అరిగినా చెవిని మళ్లీ చేయించుకోవచ్చు. హెరాల్డ్ కారు బ్యారెల్‌ను వెతికి తేవడం చాలా కష్టం. నకళ్లకు ఇత్తడి, జర్మన్ సిల్వర్ బ్లాంకులనే (ఇంకా పళ్ళు కోయని చెవులనే) అడగండి. ఇంటి తాళాలన్నీ కట్టిన బరువైన గుత్తికి కారు చెవిని తగిలించకండి. ఆ బరువు ఇగ్నిషన్ స్విచ్‌లో ఊగుతూ పలకలను ఒకే వైపు అరగదీస్తుంది.

అపోహ: బిగుసుకున్న తాళంలో కొబ్బరినూనె, దాచిన చెవికి చింతపండు.

నూనె మొదట సాఫీగా అనిపిస్తుంది, తరువాత దుమ్మును పట్టి జిగటగా మారుతుంది. గ్రాఫైట్ పొడి వాడాలి; అది దొరకకపోతే పెన్సిలు ములుకును బ్లేడుతో గీకి, ఆ పొడిని చెవికి అద్ది, తాళంలో కొన్నిసార్లు పెట్టి తీస్తే సరిపోతుంది. మైపాడు, కొత్తపట్నం వంటి సముద్ర తీరపు ఊళ్లలోని ఉప్పుగాలికి, నవంబరు వానల చెమ్మకు ఇత్తడి చెవికి చిలుము పడుతుంది. దానిని చింతపండుతో, ఇటుకపొడితో తోమితే బిందె మెరిసినట్లు చెవీ మెరుస్తుంది, కానీ పళ్ళ అంచులు పోతాయి. మెత్తని గుడ్డతో తుడిచి, పలుచగా మిషన్ నూనె రాసి, కాగితంలో చుట్టి ఉంచండి. తాళంలో పెట్టేముందు ఆ నూనెను తుడిచేయండి. రబ్బరు బ్యాండు చుట్టవద్దు. రబ్బరులోని గంధకం రాగి కలిసిన లోహాలను నల్లబరుస్తుంది.

అపోహ: తాళం మార్చితే కారుకు వింటేజ్ గుర్తింపు రాదు.

2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరగని వాహనం ఆ గుర్తింపుకు అర్హమవుతుంది. అందులో తాళాల ప్రస్తావన లేదు.

అపోహ: చెవి చేతిలో ఉన్నంతవరకు భయం లేదు.

చెవిని చూస్తే చాలు, నకలు చేయవచ్చు. 2008లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు 195 అడుగుల దూరం నుంచి తీసిన ఫోటో ఆధారంగా తాళంచెవి పళ్ళ కొలతలను రాబట్టి చూపించారు. అమ్మకం ప్రకటనలో కారు పక్కన తాళంచెవుల ఫోటో పెట్టకండి. అరిగిన పాత తాళం దగ్గరి ఆకారమున్న వేరే చెవికి కూడా లొంగిపోవచ్చు కాబట్టి, బ్యాటరీ కరెంటును ఆపివేసే కట్-ఆఫ్ స్విచ్ ఒకటి పెట్టించుకోవాలి. దొంగతనం జరిగి క్లెయిమ్ చేసినప్పుడు బీమా కంపెనీలు సాధారణంగా అసలు చెవులన్నిటినీ అప్పగించమంటాయి. నకలు తీసేటప్పుడు మిషన్ మొన అసలు చెవి అంచుమీద సన్నని గీతలు మిగిల్చే అవకాశం ఉంటుంది, పరిశీలకులు వాటిని గమనించి ప్రశ్నిస్తారు కూడా. అందుకే నకలు తీయించిన తేదీ వేసిన రసీదు తీసుకుని, కోడ్ సంఖ్య రాసిన కాగితంతోపాటు ఆర్‌సీ దగ్గరే ఉంచండి.