రెండో ఈటె, రెండో కోడిపిల్ల

ఆఫ్రికా సంప్రదాయ వైద్యంలో రోగం ఎలా కనిపెడతారు, మన పాతకాలపు వైద్యుల్లాగా నాడి పట్టుకుని చూస్తారా అని ఒక పాఠకుడు అడిగారు. ఆఫ్రికా అంటే 54 దేశాలు. ఆసియాలో పప్పు ఎలా వండుతారు అని ఎవరైనా అడిగితే ఏం చెబుతాం? అందుకే ఖండం జోలికి పోకుండా ఒక్క జాతి దగ్గర ఆగుతాను. బెరళ్ళు నూరడం, పసర్లు పిండడం గురించి కూడా రాయను. దాని మీద రాసేవాళ్ళకు కొదవ లేదు. చాలా ఏళ్ళు సంభావ్యత పాఠం చెప్పిన నన్ను కట్టిపడేసింది అక్కడి కోడిపిల్లలు.

ఆ జాతి పేరు అజాండే. నేటి దక్షిణ సూడాన్, కాంగో, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ కలిసే చోట వీళ్ళ ఊళ్ళుంటాయి. ఇవాన్స్-ప్రిచర్డ్ అనే ఇంగ్లండు మానవశాస్త్రవేత్త 1926, 1930 మధ్య దఫదఫాలుగా వెళ్ళి, మొత్తం సుమారు 20 నెలలు వాళ్ళ మధ్య ఉన్నాడు. చూసినదంతా 1937లో పుస్తకంగా తెచ్చాడు. ఇక్కడ నేను చెప్పేది ఆనాటి సంగతి.

అక్కడ ధాన్యం గాదెలు గుంజల మీద నిలబెడతారు. మధ్యాహ్నం ఎండకు జనం వాటి కింద చేరి కబుర్లాడుకుంటారు. ఎప్పుడో ఒకప్పుడు గాదె కూలి కింద ఉన్నవాళ్ళకు దెబ్బలు తగులుతాయి. గుంజలకు చెదపట్టిందని జాండే మనిషికి తెలియదా? మనకన్నా బాగా తెలుసు. నీడ కోసం వెళ్ళి కూర్చున్నారనీ తెలుసు. అతడు అడిగేది వేరే. చెద ఎన్నాళ్ళనుంచో తింటూనే ఉంది, గాదె ఎప్పుడైనా కూలవచ్చు. సరిగ్గా ఈ మనుషులు కూర్చున్న ఈ ఘడియలోనే ఎందుకు కూలింది? రెండు దారులు ఆ ఒక్క చోట ఎందుకు కలిశాయి? మనం కాకతాళీయం అనేసి ఊరుకుంటాం. కాకి వాలడానికీ తాటిపండు రాలడానికీ సంబంధం లేదని చెప్పే మాట అది. జాండే మనిషికి ఆ మాట చాలదు. ఆ రెంటినీ కలిపింది మాంగు అంటాడు. మాంగు అంటే కొందరి కడుపులో, కాలేయం దగ్గర ఉంటుందని వాళ్ళు నమ్మే ఒక పదార్థం. తండ్రి నుంచి కొడుక్కి, తల్లి నుంచి కూతురికి వస్తుందట. అది ఉన్న మనిషికి ఒకరిమీద కడుపుమంట పుడితే చాలు, ఆ ఒకరికి కీడు జరుగుతుందట.

దీనికి వాళ్ళు వాడే ఉపమానం వేటలోది. జంతువును మొదట పొడిచినవాడితో పాటు రెండో ఈటె వేసినవాడికీ మాంసంలో వాటా ఉంటుంది. ఆ రెండో ఈటె పేరు ఉంబాగా. మనిషిని ఏనుగు తొక్కి చంపితే ఏనుగు మొదటి ఈటె, మాంగు రెండోది. చావులో ఇద్దరికీ వాటా ఉంది. రోగమూ అంతే. జబ్బులకు వాళ్ళ దగ్గర పేర్లున్నాయి, లక్షణాలను బట్టి, సోకిన అవయవాన్ని బట్టి పెట్టినవి. మందులూ ఉన్నాయి. అదంతా మొదటి ఈటె లెక్క. కాలికి మొద్దు తగిలి పుండైతే దాని పని మందు చూసుకుంటుంది. అందరి పుండ్లూ మానిపోతుంటే ఇదొక్కటే ఎందుకు చీము పట్టింది అన్నప్పుడు రెండో ఈటెను వెతకాలి. రోగ నిర్ధారణ అని వాళ్ళు చేసేది చాలావరకు ఈ వెతుకులాటే. రోగమేమిటో పైకి కనబడుతూనే ఉంది, తేలవలసింది ఎవరి కడుపుమంట అన్నది.

ఇది చదివి నవ్వుకునేవాళ్ళు కొంచెం ఆగాలి. వైరస్ సంగతి తెలిసిన ఇంజనీరు కూడా పిల్లవాడికి జ్వరం తగ్గకపోతే ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేయిస్తాడు. అప్పుడు పారాసెటమాల్ మొదటి ఈటెకూ మిరపకాయలు రెండోదానికీ కాదా?

వెతకడానికి సాధనాలు మూడు ముఖ్యం. ఇవా అనేది బుల్లి చెక్క పీట, పైన మూత. ఆకుపసరు, నీళ్ళు రాసి మూతను రుద్దుతూ ఒక్కొక్క పేరూ చెబుతారు. మూత జారితే ఒక జవాబు, అతుక్కుంటే మరొకటి. ఖర్చు లేదు, క్షణాల్లో తేలుతుంది, నమ్మకం తక్కువ. ఆపైన డక్పా: రెండు రకాల చెట్ల కొమ్మలు సాయంత్రం చెదపుట్టలో గుచ్చి, చెదలు దేన్ని తిన్నాయో మర్నాడు చూస్తారు. అన్నిటికంటే పైన బెంగే. పేరు చూసి ఉలిక్కిపడకండి, మన బెంగకూ దీనికీ చుట్టరికం లేదు (బెంగతో జ్వరం తెచ్చుకునే జాతి మనదే అయినా). బెంగే అంటే ఒక తీగ నుంచి తీసిన ఎర్రని పొడి, స్ట్రిక్నిన్‌ను పోలిన విషం. దానికోసం బొమొకాండి నది దాటి రోజుల తరబడి నడిచి వెళ్ళేవారు. తెచ్చేవాడు, వాడేవాడు కూడా ఆడదాని పక్కకు పోకూడదు, ఏనుగు మాంసం తినకూడదు. అంత నిష్ఠ పెద్దవాళ్ళకు కష్టమనో ఏమో, విషం పోసే పని తరచు కుర్రాళ్ళకే అప్పగించేవారు.

పొద్దున్నే, ఎండ ముదరకముందు, పొలాల అంచున పొదల చాటుకు చేరతారు. ఆడవాళ్ళకు సాధారణంగా ప్రవేశం లేదు. నేలలో చిన్న గుంట తవ్వి పెద్ద ఆకు పరిస్తే అదే గిన్నె. పొడిని నీళ్ళతో తడిపి ముద్ద చేస్తారు. కుర్రాడు కోడిపిల్ల ముక్కు తెరిచి, గడ్డి కుంచెతో తీసిన ముద్దను ఆకులోంచి గొంతులోకి పిండుతాడు. పిల్ల చిన్నదైతే రెండు మోతాదులు, పెద్దదైతే ఇంకొంచెం. అప్పుడు ఇంకొకాయన ఎదురుగా కూర్చుని విషంతో మాట్లాడటం మొదలుపెడతాడు. కోడితో కాదు, విషంతోనే: రోగి సంగతి ఇదీ, ఫలానావాడి మాంగే కారణమైతే కోడిని చంపు, కాకపోతే బతకనివ్వు. ఇదే మాట తిప్పి తిప్పి నిమిషాల తరబడి చెబుతాడు. కుర్రాడు పిల్లను అటూ ఇటూ ఊపుతూ ఉంటాడు. తర్వాత నేలమీద వదులుతారు. అది గిలగిల కొట్టుకుని చావవచ్చు, తేరుకుని గింజలు వెతుక్కుంటూ పోనూవచ్చు. జాండే ఇళ్ళలో కోళ్ళు ముఖ్యంగా పెరిగేది ఇందుకే, కూరకు కాదు.

మొదటి కోడి చచ్చింది. అంతటితో తీర్పు వచ్చినట్టు కాదు. రెండో కోడిపిల్లను తెస్తారు, కానీ ఈసారి ప్రశ్నను తలకిందులు చేస్తారు: నువ్వు ఇప్పుడు చెప్పింది నిజమైతే దీన్ని బతకనివ్వు. రెండోది బతికితేనే మొదటి తీర్పు చెల్లుతుంది. మొదటిది బతికి ఉంటే రెండోది చావాలి. ఒకటి చచ్చి ఒకటి బతికితే తీర్పు. రెండూ చచ్చినా, రెండూ బతికినా తీర్పు లేదు, మళ్ళీ ఎప్పుడైనా అడగాలి.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఇది నేను క్లాసులో వేరే పేరుతో చెప్పే పాఠం. ఒక నాణెం ఉంది, అది సమంగా లేదు, బొమ్మ ఎక్కువసార్లు పడుతుంది. దానితోనే న్యాయమైన పందెం వేయడం ఎలా? 1951లో జాన్ వాన్ నాయ్‌మన్ అనే గణితవేత్త ఉపాయం చెప్పాడు. రెండుసార్లు ఎగరవేయండి. బొమ్మ, బొరుసు వరసగా పడితే ఒకరు గెలిచినట్టు, బొరుసు, బొమ్మ వరసగా పడితే రెండోవారు. రెండుసార్లూ ఒకటే పడితే పారేసి మళ్ళీ వేయండి. నాణెం ఎంత వంకరదైనా ఆ రెండు వరసల అవకాశాలూ సమానం. బెంగేలో జరిగేదీ ముమ్మూర్తులా ఇదే.

లెక్క వేద్దాం. విషం ఘాటుగా ఉంది, నూటికి 90 కోళ్ళను చంపుతుంది అనుకుందాం. ఒక్క కోడితో తేల్చేస్తే అడిగిన ప్రతివాడూ నూటికి 90 వంతులు దోషే. రెండు కోళ్ళ పద్ధతిలో 'అవును' రావాలంటే మొదటిది చావాలి, రెండోది బతకాలి: 0.9ని 0.1తో గుణిస్తే 0.09. 'కాదు' రావాలంటే మొదటిది బతకాలి, రెండోది చావాలి: 0.1ని 0.9తో గుణించినా అదే 0.09. నూరు జతల్లో 9 అవునులు, 9 కాదులు, 82 చెల్లని కాగితాలు. విషం పలచబడి నూటికి 30 కోళ్ళనే చంపితే 21, 21. సరిగ్గా సగం చంపితే 25, 25. విషం బలం ఎటు మారినా అవును, కాదు తూకం చెదరదు. మారేది ఖర్చు మాత్రమే. సగం చంపే విషంతో ఒక తీర్పుకు సగటున రెండు జతలు, అంటే 4 కోళ్ళు చాలు. 90 వంతులు చంపేదానితో సుమారు 11 కావాలి.

ఆ ఖర్చు సంగతీ వాళ్ళు కనిపెట్టారు. కొత్తగా తెచ్చిన బెంగేను ముందు పరీక్షించి చూస్తారు. విచక్షణ లేకుండా అన్నిటినీ చంపితే అది తెలివితక్కువ విషమని, ఒక్కదాన్నీ చంపలేకపోతే నీరసించిందని పక్కన పెడతారు. కొన్నిటిని చంపి కొన్నిటిని వదిలేదే మంచి బెంగే. నా భాషలో చెప్పాలంటే, సంభావ్యతను సగం చుట్టుపక్కలకు తెచ్చుకుంటున్నారు. గుణకారం పలకమీద రాయకుండానే అంతదూరం వచ్చారు.

ఈ ఉపాయానికి ఒక ఊపిరి ఉంది, అది ఆగితే అంతా ఆగుతుంది. రెండు కోళ్ళకూ చచ్చే అవకాశం ఒకటే ఉండాలి. కుర్రాడు మొదటిదానికి ఒక చుక్క ఎక్కువ పిండి 80 వంతులకు తెచ్చి, రెండోదానికి తగ్గించి 30కి దించాడనుకోండి. అప్పుడు అవును నూటికి 56, కాదు 6. నూటికి 38 చెల్లవు. తాసు ఎటు ఒరిగిందో చూశారుగా. ఇవాన్స్-ప్రిచర్డ్‌కు మాత్రం అక్కడ మోసం జరుగుతున్నట్టు కనిపించలేదు. తన ఇంటి వ్యవహారాలు కూడా బెంగేను అడిగే నడిపాననీ, వేరే ఏ పద్ధతికీ అది తీసిపోలేదనీ రాశాడు. తీసిపోదు మరి. ఎటు తేల్చుకోవాలో తెలియనప్పుడు నిక్కమైన నాణెం ఎవరికైనా మేలే చేస్తుంది.

కానీ నాణేనికి రోగి గురించి ఏం తెలుసు? ఏమీ తెలియదు. అసలు కిటుకు ప్రశ్నలో ఉంది. పేర్లు ఇచ్చేది రోగి, అతని బంధువులు. ఎవరి పేర్లు ఇస్తారు? పొలం గట్టు దగ్గర మాట పట్టింపు వచ్చినవాడు, పెళ్ళికి పిలవలేదని అలిగినవాడు, పక్కింట్లో ఉండి పలకరించనివాడు. దూరపు ఊరివాడి పేరు రాదు. పాలించే అవొంగారా వంశం వాళ్ళ పేరు నోటికే రాదు, అంత ధైర్యం ఎవరికుంది? ముందు ఇవా పీట మీద జాబితాను వడగడతారు. అక్కడ మూతను కదిపేది మనిషి చెయ్యి, కాబట్టి ఊరి గుట్టు ఆ చేతికి తెలుస్తుంది. మిగిలిన పేర్లు బెంగే ముందుకు వెళతాయి. నాలుగు పేర్లు వెళ్ళాయనుకోండి. ఒక్కొక్కరికీ అవునో కాదో సగం సగం. నలుగురికీ కాదు అని రావడానికి అవకాశం 16లో 1. అంటే 16లో 15 వంతులు ఎవరో ఒకరు దొరుకుతారు. దొరకాలనే వెతుకుతారు, దొరుకుతారు.

ఇక్కడ మన ఆసుపత్రి కూడా కాస్త తలవంచుకోవాలి. మాస్టర్ హెల్త్ చెకప్ అని ఒకేసారి 20 పరీక్షలు చేయిస్తారు. చాలా పరీక్షలకు 'మామూలు' హద్దులు గీసేదే ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది లోపల ఉండేట్టు, అంటే ఏ రోగమూ లేని ఐదుగురు బయట పడేట్టు. ఆ 20 పరీక్షలూ ఒకదానికొకటి సంబంధం లేనివైతే, ఏ జబ్బూ లేని మనిషికి ఒక్కటైనా ఎర్ర అక్షరాల్లో వచ్చే అవకాశం నూటికి 64. ఆ కాగితం పట్టుకుని ఇంకో నాలుగు పరీక్షలకు పరుగెత్తడం మనందరికీ అలవాటే. పైపరీక్ష ముందు, గట్టి పరీక్ష తర్వాత అనే వరసలో ఇవా, బెంగేలకూ మన ల్యాబుకూ పోలిక ఉంది. ల్యాబు పరీక్షకు రోగి రక్తంతో సంబంధం ఉంది, కోడికి లేదు. ఆ ఒక్క తేడా కొండంత. అయినా ఎక్కువ ప్రశ్నలు అడిగితే ఎక్కువ జవాబులు వస్తాయన్న ప్రమాదం ఇద్దరికీ ఒకటే.

పేరు తేలాక ఏం చేస్తారు? మన పల్లెల్లో చేతబడి చేశాడన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు పత్రికల్లో ఇప్పటికీ వస్తున్నాయి. అజాండేలలోనూ రోగి చచ్చిపోతే పూర్వం పగ, పరిహారం దాకా వెళ్ళేది. రోగి బతికి ఉండగా మాత్రం పద్ధతి వేరు. చచ్చిన కోడి రెక్క కోసి, ఒక మనిషి చేత ఆ 'దోషి' ఇంటికి మర్యాదగా పంపుతారు. వచ్చినవాడు రెక్కను నేలమీద పెట్టి, ఫలానావాడు జబ్బుగా ఉన్నాడు, ఈ కోడి నీ పేరు మీద చచ్చింది అంటాడు. అతడు కోపం తెచ్చుకోకూడదు. సొరకాయ బుర్రలో నీళ్ళు తెప్పించుకుని, నోట పుక్కిలి పట్టి, రెక్క మీద చిమ్ముతాడు. నా కడుపులో మాంగు ఉంటే నాకు తెలియదు, ఉంటే చల్లబడు గాక, అతనికి నయమగు గాక అంటాడు.

చాలా జబ్బులు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి చాలాసార్లు నయమవుతుంది. తగ్గకపోతే ఇంకో పేరు అడుగుతారు. అది కూడా తప్పిపోతే విషం పాతబడిందనో, ఎవరో నిష్ఠ తప్పారనో, తీగ పెరిగిన అడవి యజమానులకు కోపం వచ్చిందనో కారణాలు సిద్ధంగా ఉంటాయి. బెంగే మాత్రం తప్పు కాదు.

రెక్క మీద నీళ్ళు చిమ్మిన ఆ మనిషి సంగతే నన్ను వదలదు. మాంగు తన కడుపులో ఉన్నా తనకు తెలియకపోవచ్చని అతనూ నమ్ముతాడు. వచ్చినవాడు వెళ్ళాక, పొరుగువాడి మీద తనకు కోపం ఉన్నమాట నిజమేనా అని ఆ రాత్రి ఆలోచించుకుంటాడు. వచ్చే నెల తన కూతురికి జ్వరం వస్తే రెండు కోడిపిల్లలు చంకన పెట్టుకుని, నాలుగు పేర్లు మనసులో పెట్టుకుని, పొలాల అంచుకు అతనూ వెళతాడు.