పదహారేళ్లప్పుడు చదివిన నవల: అపోహలు, వాస్తవాలు

శాఖా గ్రంథాలయంలో కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లకి రెండు రకాల తల్లిదండ్రులు తారసపడుతుంటారు. ఇంటర్ చదివే కూతురి చేతిలో నవల చూసి, "పరీక్షలు దగ్గరపడుతుంటే ఇవన్నీ ఎందుకిస్తారు మేడమ్?" అనేవాళ్లు కొందరు. "మావాడిలో మార్పు రావాలి మేడమ్, మంచి నవల ఒకటి చూసి ఇవ్వండి" అనేవాళ్లు కొందరు. ఒకరిది భయం, ఇంకొకరిది ఆశ. రెండింటి అడుగునా ఉన్న నమ్మకం మాత్రం ఒకటే: నవలలో ఏముంటే అది చదివినవాళ్లలోకి నేరుగా దిగిపోతుందని. నా ఉద్యోగమంతా ఈ నమ్మకం మధ్యే గడుస్తోంది. నా అనుభవంలో అది సగం కూడా నిజం కాదు. ఎందుకో రాస్తున్నాను.

అపోహ: నవలలు కుర్రకారుని చెడగొడతాయి

ఇది ఇవాళ పుట్టిన భయం కాదు. 1774లో జర్మన్ రచయిత గొథే రాసిన వెర్థర్ నవల వచ్చిన మరుసటి ఏడాదే, లైప్‌జిగ్ నగర అధికారులు ఆ పుస్తకాన్ని నిషేధించారు. దాంతోపాటు కథానాయకుడి తరహాలో నీలం కోటు, పసుపు వెస్ట్‌కోటు వేసుకు తిరగడాన్ని కూడా నిషేధించారు! మన దగ్గర ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'దీ ఇలాంటి చరిత్రే. ఆయన రాయవెల్లూరు జైల్లో ఉండి రాసిన నవల అది. 1922లో అచ్చయింది. 1923లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో నిషేధం తొలగింది, 1936లో మళ్లీ పడింది, 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక పోయింది.

ప్రభుత్వం భయపడింది అందులోని తిరుగుబాటు మాటలకి. కానీ నా దగ్గర ఆ పుస్తకం తీసుకెళ్లిన పిల్లల్లో ఆ ఉపన్యాసాలు గుర్తున్నవాళ్లు తక్కువ. భూస్వామి చౌదరయ్య కొట్టిన దెబ్బకి, మాలపల్లెలో ఉండే రామదాసు కొడుకు సంగదాసు చనిపోయిన ఘట్టం దగ్గర ఆగిపోయినవాళ్లే ఎక్కువ. ఊళ్లో పెద్ద కులంలో పుట్టి, మాలపల్లె వైపు ఎన్నడూ అడుగుపెట్టని కుర్రాడు ఆ నవల పట్టుకుంటే వందల పేజీల పాటు రామదాసు ఇంట్లోనే ఉంటాడు. వాళ్ల భజనలు వింటాడు, కూలి గింజల లెక్క వింటాడు, వాళ్లు తిన్నదీ తిననిదీ చూస్తాడు. అదే వయసులో ఉన్న దళిత విద్యార్థి అదే పుస్తకం చదివి, "రామదాసుకి అంత ఓర్పు ఎందుకు? నాకు తిరగబడ్డ కొడుకు వెంకటదాసే నచ్చాడు" అని నాతో గట్టిగా వాదించాడు. ఆ వాదనలో న్యాయముంది. పుస్తకం ఒకటే. ఒకరికి అది తెలియని ఇంటి గుమ్మం, మరొకరికి తెలిసిన ఇంటి గురించి వేరేవాళ్లు చెప్పిన మాట. కాబట్టి "ఈ నవల పిల్లల్ని ఏం చేస్తుంది?" అని అడిగితే జవాబు చెప్పలేం. ఏ పిల్లల్ని అని ముందు అడగాలి.

అపోహ: ఒక్క నవల చాలు, మనిషి మారిపోతాడు

ఈ మాట పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాళ్లు కూడా అంటారు కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

2013లో 'సైన్స్' పత్రికలో డేవిడ్ కిడ్, ఇమాన్యుయెల్ కస్టానో అనే పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. కొంతమందితో మంచి సాహిత్యంలోని కొన్ని పేజీలు చదివించారు. ఆ వెంటనే, కళ్లు మాత్రమే కనిపించే ఫొటోలు చూపించి, ఆ మనిషి మనసులో ఏముందో చెప్పమన్నారు. సాహిత్యం చదివినవాళ్లు మెరుగ్గా చెప్పారని తేల్చారు. మాలాంటివాళ్లం ఆ వార్త చూసి ఎంత సంబరపడ్డామో! అయితే 2018లో మరో పరిశోధక బృందం 'నేచర్', 'సైన్స్' పత్రికల్లో వచ్చిన 21 ప్రయోగాలను మళ్లీ చేసి చూసింది. అదే ఫలితం మళ్లీ రాని ప్రయోగాల్లో ఇదీ ఒకటి. నాలుగు పేజీలు చదివి లేచేసరికి మనిషి మనసు విప్పారుతుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదన్నమాట.

ఏళ్ల తరబడి కథలూ నవలలూ చదివే అలవాటున్నవాళ్ల సంగతి వేరు. ఎదుటివారి మనసు పసిగట్టే పరీక్షల్లో వాళ్లు కొంచెం మెరుగ్గా కనిపిస్తారని చెప్పే అధ్యయనాలున్నాయి. చదవడం వల్ల అలా తయారయ్యారా, అలాంటివాళ్లే ఎక్కువ చదువుతారా అన్నది విడదీయడం మాత్రం కష్టం.

కౌంటర్ దగ్గర నాకు కనిపించేది చెబుతాను. డిగ్రీలో బ్యాక్‌లాగ్‌లు మిగిలిపోయి, ఇంట్లో ముఖం చెల్లక, పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా రీడింగ్ రూములో కూర్చునే కుర్రాడొకడు ఉండేవాడు. ఒకరోజు గోపీచంద్ గారి 'అసమర్థుని జీవయాత్ర' తీసుకున్నాడు. గడువు తీరాక మళ్లీ తన పేరు మీదే రాయించుకున్నాడు. "ఈ సీతారామారావు నేనేనండీ" అన్నాడు. వంశప్రతిష్ఠ నెత్తిన పెట్టుకుని, ఆస్తి కరగబెట్టుకుని, తన ప్రతి చేతకానితనానికీ ఒక సిద్ధాంతం చెప్పుకునే మనిషి సీతారామారావు. ఆ నవల ఎవరికీ ధైర్యం చెప్పదు, నాయకుడు చివరికి చనిపోతాడు. మామూలు లెక్కన దిగులుగా ఉన్నవాడి చేతికి అది ఇవ్వకూడదు. నేనూ లోపల్లోపల కంగారుపడి రోజూ పలకరిస్తూనే ఉన్నాను. తర్వాత అతను బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' తీసుకున్నాడు, ఆ తర్వాత గోపీచంద్ గారిదే 'తత్త్వవేత్తలు'. మిగిలిన సబ్జెక్టులు ఎప్పుడు రాశాడో నాకు తెలియదు, రాశాడని మాత్రం తెలుసు. మొదటి నవల అతన్ని మార్చిందని నేననను. తన బాధని బయట పెట్టి చూసుకోవచ్చని అతనికి అక్కడ తెలిసింది, అందుకే తర్వాతి పుస్తకం వెతుక్కున్నాడు. మార్పంటూ ఉంటే ఆ వరసలో ఉంది. పైగా ఆ నవల అంతగా పట్టడానికి కారణం, అందులోని ప్రశ్న అప్పటికే అతని దగ్గర ఉండటం. మూడేళ్ల ముందు ఇచ్చి ఉంటే పది పేజీలు చదివి తిరిగిచ్చేసేవాడేమో.

అపోహ: రచయిత చెప్పదలచుకున్నదే పాఠకుడికి చేరుతుంది

1906లో అమెరికాలో ఆప్టన్ సింక్లెయిర్ చికాగో కబేళా కార్మికుల దుస్థితి మీద 'జంగిల్' నవల తెచ్చాడు. జనం కార్మికుల సంగతి పక్కన పెట్టి, తాము తినే మాంసం ఇంత మురికిగా తయారవుతోందా అని గగ్గోలు పెట్టారు. ఆ ఏడాదే ఆహార కల్తీ మీదా, మాంసం తనిఖీ మీదా చట్టాలొచ్చాయి. తను జనం గుండెకి గురిపెడితే అది పొట్టకి తగిలిందని సింక్లెయిరే తర్వాత వాపోయాడు.

అదే 1906లో రష్యన్ రచయిత గోర్కీ 'అమ్మ' రాశాడు. 1902 మే డే నాడు రష్యాలోని సోర్మొవోలో జెండా పట్టుకుని నడిచిన ఒక కార్మికుడూ, అతని తల్లీ దానికి ఆధారం. క్రొవ్విడి లింగరాజు గారి అనువాదంతో 1930లలోనే తెలుగులోకి వచ్చింది. "ఆ పుస్తకమే నన్ను ఉద్యమంలోకి తెచ్చింది" అని చెప్పుకున్న తెలుగువాళ్లు ఎంతోమంది. వాళ్ల మాట కాదనడానికి నేనెవరిని? అయితే అదే పుస్తకం చదివి ఉద్యమాల జోలికి పోనివాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉంటారు. వాళ్లలో ఏం మిగిలిందో ఎవరూ అడగరు. నేను అడుగుతుంటాను.

ఎక్కువమంది ఆ నవలలోని కార్మికుడు పావెల్ కోర్టులో మాట్లాడిన మాటలు చెప్పరు. అతని తల్లి నీలోవ్నా గురించి చెబుతారు. తాగొచ్చి కొట్టే మొగుడి దగ్గర బతుకంతా ఒదిగి ఒదిగి నడిచిన మనిషి ఆమె. కొడుకు ఇంటికి పుస్తకాలు తెస్తుంటే అవేమిటో తెలియక బెదిరిపోతుంది. కొడుకు స్నేహితుడు నఖోద్కా అక్షరాలు నేర్పుతానంటే కూర్చుంటుంది, నలభై ఏళ్లు గడిచాక ఇప్పుడా మొదలుపెట్టడం అని కన్నీళ్లు పెట్టుకుంటుంది. మొదటిసారి ఫ్యాక్టరీలోకి కరపత్రాలు మోసుకెళ్లేది సిద్ధాంతం అర్థమై కాదు. కొడుకు జైల్లో ఉండగా కూడా కరపత్రాలు వస్తూనే ఉంటే, ఆ నేరం వాడి మీద నిలవదని. కూలీలకు తిండి అమ్మే మనిషిలా, కాగితాలు బట్టల్లో దాచుకుని గేటు దాటుతుంది. నర్సింగ్ చదువుతున్న అమ్మాయి ఒకతె ఈ పేజీల గురించే చెప్పింది: "మా అమ్మకి సంతకం పెట్టడం కూడా రాదు మేడమ్. ఇన్నాళ్లూ బ్యాంకు కాగితాల మీద నేనే వేలు పట్టుకుని ముద్ర వేయించేదాన్ని, విసుక్కునేదాన్ని కూడా." ఆ సెలవుల్లో తల్లికి పేరు రాయడం నేర్పింది. గోర్కీ కోరుకున్నది ఇదే అని చెప్పలేను. కానీ ఆ అమ్మాయి చూపులో తల్లి ఇంతకు ముందున్న చోట లేదు.

నాకు తెలిసినంతలో నవల యువతకి అభిప్రాయాలు ఇచ్చేదానికన్నా, ఎవరిని గమనించాలో నేర్పేదే ఎక్కువ. అభిప్రాయాలు పాతికేళ్లకి ఒకలా, నలభైకి ఇంకోలా మారిపోతాయి. గమనించే అలవాటు అంత తేలిగ్గా పోదు.

అపోహ: సీరియల్ నవలలు వట్టి కాలక్షేపం, వాటితో ఏమీ రాదు

ఇది నాకు కోపం తెప్పించే మాట. 1960లలో యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' చదివిన ఆడవాళ్లు ఇప్పుడు అమ్మమ్మలు. వాళ్లలో చాలామంది కథానాయకుడు రాజశేఖరం ఎంత అందగాడో చెప్పి నవ్వేస్తారు. ఇంకాస్త కూర్చోబెట్టి అడగండి. కథానాయిక జయంతి ఉద్యోగానికి వెళ్లడం, ఆఫీసులో తలెత్తి మాట్లాడటం చెబుతారు. ఊళ్లో ఉద్యోగం చేసే ఆడమనిషంటే పంతులమ్మో, నర్సమ్మో తప్ప కనపడని రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఆ నవలల్లో మగవాళ్ల గురించి అల్లిన కలలు చాలామందికి తర్వాత నిరాశే మిగిల్చాయన్నదీ నిజమే. రెండూ ప్రభావాలే.

అపోహ: కుర్రవయసు దాటితే ఇక ఏ పుస్తకమూ అంటదు

పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే మనుషులకు తర్వాత ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. ఇష్టమైన పుస్తకం ఏదంటే చాలామంది ఆ రోజుల్లో చదివినదే చెప్పడానికి ఇదొక కారణం. మొదటిసారి కావడం ఇంకో కారణం. అంతమాత్రాన తర్వాతి వయసు బీడు పడిపోదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, వాచకంలో సారా చుట్టూ తిరిగే సీతమ్మ కథ ఒకటి ఉండేది. చదవడం అప్పుడే నేర్చుకున్న పెళ్లయిన ఆడవాళ్లు, పిల్లల తల్లులు ఆ కథ మీద మాట్లాడుకుని, సారా దుకాణాల మీదికి కదిలారు. ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊరి పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబర్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. అది నవల కాదు, పాఠ్యపుస్తకంలో చిన్న కథ. చదివినవాళ్లు పదహారేళ్లవాళ్లు కారు. కాకపోతే వాళ్లు ఒంటరిగా చదవలేదు, పదిమంది కూర్చుని చదివారు. పుస్తకం పనిచేసే తీరులో దీని వాటా చాలా పెద్దదని నా నమ్మకం.

అపోహ: చదివాక నీతి ఏమిటో చెప్పించాలి

దయచేసి ఈ పని మానండి. పిల్ల నవల ముగించి తల పైకెత్తగానే "ఏం నేర్చుకున్నావు?" అని అడిగితే, మీకు ఏది నచ్చుతుందో అది చెబుతుంది. మర్నాటి నుంచి మీ ముందు నవల తీయదు. మా దగ్గర నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. అప్పుడు హైస్కూలు పిల్లలతో కూర్చుంటే నేను అడిగేవి వేరే: ఎవరి మీద కోపమొచ్చింది? ఎక్కడ పుస్తకం మూసేయాలనిపించింది? నువ్వైతే ఎవరి పక్కన నిలబడేదానివి? ఈ ప్రశ్నలకి పిల్లలు ఒకరినొకరు అడ్డం కొట్టుకుంటూ మాట్లాడతారు. ఇంట్లో అడగాలంటే ఆ నవల మీరూ చదివి ఉండాలి. అందుకే కూతురికి నవల తీసుకోవడానికి వచ్చిన తండ్రి పేరు మీద కూడా ఒక సభ్యత్వ కార్డు రాయించి, అదే పుస్తకం రెండో ప్రతి బీరువాలో ఉంటే చేతిలో పెట్టి పంపిస్తున్నాను.