త్రిశంకును చూడాలంటే సిడ్నీకే వెళ్లాలా? దక్షిణాకాశంపై అపోహలు - వాస్తవాలు

పిల్లలు ఆస్ట్రేలియాలోనో న్యూజిలాండ్‌లోనో స్థిరపడ్డ కుటుంబాలు మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలానే ఉన్నాయి. మనవలను చూడటానికి వెళ్లే పెద్దవాళ్లు, సెలవులకు విమానం ఎక్కే కొత్త జంటలు మా ఆకాశ వీక్షణ కార్యక్రమాలకు వచ్చి తరచూ అడుగుతుంటారు: "అక్కడి ఆకాశంలో ఏమేం చూడాలి?" సంతోషంగా చెబుతాను. కానీ ఆ ప్రశ్న వెంట కొన్ని గట్టి నమ్మకాలు కూడా వస్తాయి. వాటిని పట్టుకుని బయలుదేరినవాళ్లు మంచి రాత్రులను చేజార్చుకుంటారు.

అపోహ: దక్షిణాకాశం కనిపించాలంటే భూమధ్యరేఖ దాటాలి

అన్నిటికన్నా ఎక్కువగా నేను పోరాడేది దీనితోనే. నల్లగొండ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మహబూబ్‌నగర్ ఇంకాస్త దక్షిణాన ఉంటుంది. అంటే ఖగోళ దక్షిణ ధ్రువం (దక్షిణాకాశం ఏ బిందువు చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుందో అది) మన దిగంతానికి 17 డిగ్రీలు కిందనే ఉంది. ఆ ధ్రువం చుట్టూ ఉన్న చిన్న వలయం తప్ప, మిగిలిన దక్షిణాకాశమంతా ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు మన ఊరి మీదికి వస్తుంది. లండన్‌లో పుట్టినవాడు సొంత ఊరి నుంచి దక్షిణ శిలువను ఎన్నటికీ చూడలేడు. దాన్ని 'దక్షిణార్ధగోళపు నక్షత్రాలు' అని రాసిన పుస్తకాలు అలాంటి అక్షాంశాలవాళ్లు తమ కోసం రాసుకున్నవి. మనం ఆ మాటను మనకూ వర్తింపజేసుకున్నాం.

దక్షిణ శిలువ అంటే మన త్రిశంకు. దాన్ని వెతకడానికి పరికరమేదీ అక్కర్లేదు. చేయి పూర్తిగా చాపి పిడికిలి బిగిస్తే, దాని వెడల్పు ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. మార్చి చివర్లో అర్ధరాత్రి, ఏప్రిల్ మధ్యలో రాత్రి 11కి, మే మధ్యలో రాత్రి 9కి సరిగ్గా దక్షిణం వైపు చూడండి. కింది నక్షత్రం దిగంతానికి ఒక పిడికిలి ఎత్తున, పై నక్షత్రం పిడికిలిన్నర ఎత్తున నిలువుగా నిలబడి ఉంటాయి. ఎడమ వైపు, ఇంకాస్త కిందుగా, మెరిసే రెండు నక్షత్రాలు ఉంటాయి. వాటిలో దూరంగా ఉన్నది ఆల్ఫా సెంటారీ. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్ర వ్యవస్థ అదే, నాలుగు కాంతి సంవత్సరాలకు కొంచెం పైన. దీన్ని చూడటానికి టికెట్ కొనాల్సిన పనిలేదు. దక్షిణం వైపు గుట్టలు, తోటలు, వీధిదీపాలు అడ్డులేని చెరువుకట్ట ఒకటి దొరికితే చాలు. ఎండాకాలపు దుమ్ము దిగంతాన్ని మసకబారుస్తుంది కాబట్టి వాన పడి వెలిసిన రాత్రిని వదులుకోకండి.

అగస్త్య నక్షత్రం ఇంకా సులువు. ఫిబ్రవరిలో రాత్రి 9 గంటల వేళ దక్షిణాన రెండు పిడికిళ్ల ఎత్తున వెలుగుతుంది. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత అంతటి ప్రకాశం దానిదే. మన నేల నుంచి దక్షిణాకాశాన్ని గమనించడం కొత్తేమీ కాదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో అనేక దేశాల వేధశాలలు కలిసి నక్షత్రాల పట్టిక తయారుచేస్తున్నప్పుడు, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల క్రాంతి (ఆకాశపు మధ్యరేఖ నుంచి కొలిచే దూరం) మధ్య ఉన్న పట్టీని ఫొటోలు తీసే పని హైదరాబాద్‌లోని నిజామియా వేధశాల చేపట్టింది. మన అక్షాంశం నుంచి అది సాధ్యమైన పని.

విశ్వామిత్రుడు త్రిశంకును దక్షిణాకాశంలో నిలిపిన కథ మన పెద్దలకు ఎలా తోచిందో ఊహించాలంటే ఇంకో విషయం తెలియాలి. భూమి అక్షం నెమ్మదిగా దిశ మార్చుకోవడం వల్ల ఈ నక్షత్రాలు శతాబ్దాలుగా దక్షిణానికి జరుగుతూ వచ్చాయి. రెండు వేల ఏళ్ల కిందట ఇదే నేల మీద నిలబడ్డవాళ్లకు త్రిశంకు ఇప్పటికన్నా దాదాపు 10 డిగ్రీలు, అంటే మరో పిడికిలి ఎత్తున కనిపించేది.

మరి విదేశానికి వెళ్తే ఒరిగేదేమిటి? చాలా ఉంది. దిగంతానికి 10 డిగ్రీల ఎత్తున ఉన్న నక్షత్రం వెలుగు, నడినెత్తిన ఉన్నదానికన్నా ఐదారు రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. సిడ్నీలో జూన్ సాయంత్రం అదే త్రిశంకు ఆరు పిడికిళ్ల ఎత్తుకు లేస్తుంది. మసక పోయి పదునుగా కనిపిస్తుంది. మాగెల్లాన్ మేఘాలనైతే (కంటికి మబ్బు తునకల్లా కనిపించే రెండు వేరే గెలాక్సీలు) మన దగ్గర చూడటం దాదాపు అసాధ్యమే. పెద్ద మేఘం కూడా మన దిగంతానికి 4 డిగ్రీలు మించి లేవదు. అందుకే నా సలహా: ముందు ఇక్కడి దిగంతం మీద ఈ నక్షత్రాలను గుర్తుపట్టడం నేర్చుకుని, తర్వాత వెళ్లండి. అక్కడ అవే నక్షత్రాలు పైకెక్కి కనిపించినప్పుడు, మీరు భూగోళం మీద ఎంత దూరం వచ్చారో కళ్లతోనే కొలుచుకోవచ్చు.

అపోహ: నాలుగు నక్షత్రాలు శిలువలా కనిపిస్తే అదే త్రిశంకు

మార్చిలో రాత్రి 9 గంటలకే దక్షిణాన ఒక శిలువ కనిపిస్తుంది. చాలామంది అక్కడితో తృప్తిపడి ఇంటికి వెళ్లిపోతారు. అది 'దొంగ శిలువ'. కెరైనా, వేలా అనే రెండు మండలాల నక్షత్రాలు కలిసి ఏర్పరిచే ఆకారం. అసలుదానికన్నా పెద్దది, వెలుగు తక్కువ. అసలు త్రిశంకులో నాలుగింటితో పాటు ఐదో చిన్న నక్షత్రం ఒకటి ఉంటుంది, పక్కన ఆ రెండు మెరిసే నక్షత్రాలుంటాయి. అవి లేకపోతే అది త్రిశంకు కాదు. ఆస్ట్రేలియాలో కూడా కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే.

అపోహ: ఉత్తరాన ధ్రువుడున్నట్టే దక్షిణాన కూడా ఒక ధ్రువ నక్షత్రం ఉంటుంది

ధ్రువం దగ్గర ఒక నక్షత్రం ఉంది గానీ దాన్ని నమ్ముకుని దిక్కు తెలుసుకోలేం. సిగ్మా ఆక్టాంటిస్ అనే ఆ నక్షత్రం ప్రకాశ పరిమాణం 5.4 (ఈ అంకె ఎంత పెద్దదైతే వెలుగు అంత తక్కువ). మంచి చీకటిలో కూడా కష్టపడి వెతకాల్సిందే. అక్కడివాళ్లు త్రిశంకు పొడవు గీతను పైనుంచి కిందికి, అదే దిశలో నాలుగున్నర రెట్లు పొడిగించి ధ్రువాన్ని గుర్తిస్తారు. అక్కడి నుంచి నిట్టనిలువుగా దిగంతానికి దిగితే దక్షిణం. ధ్రువుడు మాత్రం భూమధ్యరేఖ దాటాక కనిపించడు.

అపోహ: అక్కడ మన నక్షత్రాలుండవు

అశ్విని నుంచి రేవతి దాకా 27 నక్షత్రాలూ సిడ్నీ నుంచి కనిపిస్తాయి. అవన్నీ చంద్రుడి దారికి అటూ ఇటూ ఉన్నవే. తేడా నిలబడే తీరులో ఉంటుంది. మృగశిర, ఆర్ద్ర ఉన్న వేటగాడి మండలాన్ని అక్కడ ఉత్తరానికి తిరిగి చూడాలి. ఆర్ద్ర కిందికి, రైజెల్ పైకి, బొమ్మ తలకిందులుగా ఉంటుంది. సూర్యుడు తూర్పునే ఉదయించినా, ఉత్తరం మీదుగా, కుడి నుంచి ఎడమకు నడుస్తాడు. శుద్ధ చవితి, పంచమి నాటి చంద్రుడికి వెలుగు ఎడమవైపు ఉంటుంది. మెల్‌బోర్న్‌లో కొన్ని నెలలు గడిపే అమ్మానాన్నలకు మొదటి వారం దిక్కులు తికమకగా అనిపించడానికి కారణం ఇదే. సప్తర్షులు మాత్రం అక్కడ దాదాపు పూర్తిగా దిగంతం కిందే ఉండిపోతారు.

అపోహ: అక్కడ అమావాస్య, పౌర్ణమి వేరే రోజుల్లో వస్తాయి

చంద్రుడి దశ భూమి అంతటికీ ఒకటే. గడియారం మాత్రమే మారుతుంది. సిడ్నీ మనకన్నా నాలుగున్నర గంటలు ముందుంటుంది, అక్కడి వేసవిలో ఐదున్నర గంటలు. కాబట్టి మీ ఇంట్లోని తెలుగు పంచాంగమే ప్రయాణానికి పనికొస్తుంది. బహుళ అష్టమి నుంచి శుద్ధ తదియ దాకా ఉన్న రోజులు చూసుకుని టికెట్లు కొనండి. హోటల్‌కు, విమానానికి ఎన్ని వేలు పెట్టినా, పౌర్ణమి వారంలో వెళ్తే మాగెల్లాన్ మేఘాలు వెలవెలబోతాయి.

అపోహ: డిసెంబరు సెలవులే సరైన సమయం

డిసెంబరు అక్కడ వేసవి. పగళ్లు పొడవు, రాత్రులు పొట్టి. న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోని టెకాపో దగ్గర అర్ధరాత్రి దగ్గరపడితే గానీ అసలైన చీకటి పడదు. సిడ్నీలో డిసెంబరు చివర రాత్రి 10 గంటలకు త్రిశంకు ఒక పిడికిలి ఎత్తున ఉంటుంది. మేలో నల్లగొండ నుంచి కనిపించినంత ఎత్తు కూడా కాదు! మాగెల్లాన్ మేఘాలకు, అగస్త్యుడికి డిసెంబరు మంచిదే, అది నిజం. కానీ త్రిశంకును, పాలపుంతను నిండుగా చూడాలనుకుంటే జూన్, జులై, ఆగస్టు నెలలకు సాటి లేదు. జులై చివర రాత్రి 9 గంటలకు పాలపుంత కేంద్రం సిడ్నీలో దాదాపు నడినెత్తిన ఉంటుంది. చలికి మాత్రం సిద్ధపడి వెళ్లాలి.

అపోహ: విదేశమంటే చీకటి ఆకాశమే

నగరం ఏ దేశానిదైనా నగరమే. సింగపూర్ భూమధ్యరేఖకు దగ్గర్లో ఉంది, లెక్కప్రకారం ఆకాశమంతా కనిపించాలి. ఆ దీపాల మధ్య కొన్ని పెద్ద నక్షత్రాలతో సరిపెట్టుకోవాలి. సిడ్నీ నడిబొడ్డున కన్నా మన దేవరకొండ దాటాక పల్లెల్లో ఆకాశం ఎంతో బాగుంటుంది. పిల్లలు నగరంలో ఉన్నా, ఒక్క రాత్రి బయటికి తీసుకెళ్లమని గట్టిగా అడగండి. న్యూ సౌత్ వేల్స్‌లో వారంబంగల్ జాతీయ పార్కు 2016లో ఆస్ట్రేలియాలో తొలి చీకటి ఆకాశ పార్కుగా గుర్తింపు పొందింది. టెకాపో ఉన్న అవోరాకి మెకంజీ ప్రాంతానికి 2012లోనే అలాంటి గుర్తింపు వచ్చింది. ఆస్ట్రేలియా పల్లె దారుల్లో సంధ్యవేళ, రాత్రివేళ కంగారూలు అడ్డొస్తాయి కాబట్టి చీకటి పడకముందే చేరుకోవడం క్షేమం.

బాలికి వెళ్లేవాళ్లకు ఒక ప్రత్యేకమైన అవకాశం ఉంది. అక్కడివాళ్ల శక సంవత్సరాది 'న్యేపి' చాలా ఏళ్లు మన ఉగాది రోజుల్లోనే, అమావాస్య మర్నాడు వస్తుంది. ఆ రోజు ద్వీపమంతా దీపాలు ఆర్పేస్తారు, విమానాశ్రయం కూడా మూసేస్తారు. పర్యాటకులు హోటల్ దాటకూడదు. అయినా ఆ హోటల్ పెరట్లో నుంచే, చంద్రుడు లేని ఆకాశంలో త్రిశంకు పైకెక్కడం చూడవచ్చు.

అపోహ: టెలిస్కోప్ లేనిదే ఏమీ కనిపించదు

దక్షిణాకాశంలో గొప్పవన్నీ విశాలమైనవే. మాగెల్లాన్ మేఘాలు కంటికే కనిపిస్తాయి. పెద్దది సుమారు లక్షా 60 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వేరే గెలాక్సీ. 1987లో అందులో పేలిన నక్షత్రం మామూలు కంటికే కనిపించింది. ఈ మేఘం కంటికి బూడిదరంగు మచ్చలా ఉంటుంది. ఫొటోల్లోని గులాబీ, నీలం రంగులు కంటికి ఎదురుకావు, వాటి కోసం ఎదురుచూడకండి. మామూలు మబ్బేమోనని సందేహం వస్తే పది నిమిషాలు ఆగండి. మబ్బైతే జరిగిపోతుంది. త్రిశంకు పక్కన నల్లటి ఖాళీలా కనిపించే ధూళి మేఘాన్ని ఆస్ట్రేలియా ఆదివాసులు ఈమూ పక్షి తలగా చూస్తారు. దాన్ని చూడటానికి చీకటి ఒక్కటే కావాలి.

10x50 బైనాక్యులర్స్ ఒకటి ఉంటే ఇంకేమీ మోయనక్కర్లేదు. సుమారు 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో, కోటి దాకా నక్షత్రాలున్న ఒమెగా సెంటారీ గుచ్ఛం అందులో గుండ్రటి పొగమంచులా కనిపిస్తుంది. దాన్నీ ముందు ఇక్కడే సాధన చేయవచ్చు. మే మధ్యలో రాత్రి 10 గంటలకు దక్షిణాన రెండున్నర పిడికిళ్ల ఎత్తున ఉంటుంది. చూసే ముందు 20 నుంచి 30 నిమిషాలు ఫోను ముట్టకండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అంత సమయం కావాలి, ఒక్క తెల్లటి తెర వెలుగు ఆ అలవాటునంతా చెరిపేస్తుంది. ఎర్ర కాగితం చుట్టిన చిన్న టార్చి పెట్టుకోండి.

మన కార్యక్రమాల్లో నక్షత్రాలు చూపించడానికి వాడే ఆకుపచ్చ లేజర్‌ను మాత్రం సూట్‌కేసులో పెట్టకండి. ఒక మిల్లీవాట్ మించిన చేతి లేజర్‌ను అనుమతి లేకుండా ఆస్ట్రేలియాలోకి తేవడం నిషేధం. అక్కడి కస్టమ్స్‌వాళ్లు దాన్ని స్వాధీనం చేసుకుంటారు.